పిల్లల సైజు సూపర్‌కార్లు: బుగాటి బేబీ నుంచి బజారులోని బ్యాటరీ కారు దాకా

పండగ దగ్గర పడితే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇళ్లలో పిల్లల డిమాండ్లు మొదలవుతాయి. ఇప్పుడు ఆ లిస్టులో బ్యాటరీ కారు పైకి వచ్చేసింది. ఎర్ర రంగు, పైకి లేచే తలుపులు, చేతిలో రిమోట్. అబ్బాను అడిగితే 'చూద్దాం' అంటాడు, దుబాయ్‌లో ఉన్న మామూకు ఫోన్ కొడితే 'తెస్తా బేటా' అంటాడు. ఈ బొమ్మ కార్ల వెనుక దాదాపు వందేళ్ల కథ ఉంది. అదే పేరుతో లక్షల రూపాయల కార్లు కూడా ఉన్నాయి. రెండింటికీ తేడా తెలియకుంటే జేబుకు చిల్లే.

కథ ఫ్రాన్స్‌లో మొదలైంది. రేసు కార్లు తయారు చేసే ఎట్టోర్ బుగాటి 1926లో తన చిన్న కొడుకు రోలాండ్ కోసం ఒక బుల్లి కారు చేయించాడు. కంపెనీ వారి పేరున్న టైప్ 35 రేసు కారుకు అది సరిగ్గా సగం సైజు. 12 వోల్టుల బ్యాటరీతో నడిచేది. కొడుకు కోసం చేసినదాన్ని చూసి కస్టమర్లు మాకూ కావాలన్నారు. అట్లా 1927 నుంచి 1936 వరకు 'బుగాటి బేబీ' పేరుతో సుమారు 500 కార్లు అమ్ముడుపోయాయి. ఇప్పుడు అవి పాత వస్తువులు సేకరించేవారి చేతుల్లో ఉన్నాయి, పిల్లల చేతుల్లో కాదు.

బుగాటిది ధనవంతుల ముచ్చట. దానికన్నా మనసుకు దగ్గరైనది బ్రిటన్‌లోని ఆస్టిన్ జె40. ఇది పెడల్ తొక్కే కారు, బ్యాటరీ ఉండేది దీపాలకు, హారన్‌కు. 1949 నుంచి 1971 దాకా వేల్స్‌లోని బార్‌గోయిడ్ ఫ్యాక్టరీలో 32 వేలకు పైగా తయారయ్యాయి. చేసినవాళ్లు బొగ్గు గనుల దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన కార్మికులు. గనిలోకి మళ్లీ దిగలేని మనుషులకు ఆ ఫ్యాక్టరీ ఒక జీవనాధారం. పెద్ద కార్ల ఫ్యాక్టరీలో మిగిలిన రేకు ముక్కలతోనే వీటి బాడీ తయారయ్యేది.

కొత్త తరం 2019లో వచ్చింది. కంపెనీకి 110 ఏళ్లు నిండిన సందర్భంగా జెనీవా మోటార్ షోలో బుగాటి 'బేబీ 2'ను చూపించారు. ఈసారి సైజు అసలు కారులో ముప్పావు వంతు, కాబట్టి పెద్దవాళ్లు కూడా పడతారు. మొత్తం 500 మాత్రమే. మొదలయ్యే ధర 30 వేల యూరోలు, అంటే అప్పటి లెక్కన దాదాపు 24 లక్షల రూపాయలు, పన్నులు వేరు. బాడీలో మూడు రకాలు: మామూలు కాంపోజిట్, కార్బన్ ఫైబర్, చేత్తో కొట్టిన అల్యూమినియం. నేర్చుకునేవారి మోడ్‌లో మోటార్ 1 కిలోవాట్, వేగం గంటకు 20 కిలోమీటర్లు. రెండో మోడ్‌లో 45 కిలోమీటర్లు. ప్రత్యేక తాళంచెవి తిప్పితే 10 కిలోవాట్లు, 70 కిలోమీటర్లు. మన ఆటోలు కూడా అంత వేగం పోవు!

ఆ తరువాత ఇదే పద్ధతిలో ఆస్టన్ మార్టిన్ డీబీ5 జూనియర్ వచ్చింది, మూడింట రెండు వంతుల సైజులో. 2021లో ఫెరారీ టెస్టా రోసా జె వచ్చింది. దీనికి మూలం 1957 నాటి రేసు కారు. తయారైనవి 299 మాత్రమే, ధర 93 వేల యూరోల నుంచి మొదలు. 14 ఏళ్లు దాటినవారికే అని కంపెనీయే చెప్పింది. అంటే పేరుకు పిల్లల కారు, కొనేది మాత్రం పెద్దల షోకు కోసం.

ఈ తరహా కార్లు రోడ్డు మీదకు పనికిరావు. సొంత తోటలో, మూసిన ట్రాక్‌లో నడపాల్సిందే. మన చట్టంలో 250 వాట్ల లోపు మోటార్, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న బ్యాటరీ వాహనాలకు మినహాయింపు ఉంది. 1 కిలోవాట్ మోటార్ అందులోకి రాదు. మోటారు వాహనంతో మైనర్ తప్పు చేస్తే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. పిల్లవాడి ముచ్చట తీర్చబోయి కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తుంది.

ఇక మన బజారులో దొరికే కార్ల సంగతి. ఇవి ప్లాస్టిక్ బాడీవి, ఎక్కువగా 6 లేదా 12 వోల్టులవి, నడక వేగానికి అటూ ఇటూ పోతాయి. ముందు చూడాల్సింది ఐఎస్ఐ మార్కు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఇది తప్పనిసరి. మార్కు లేని సరుకును చౌకగా ఇస్తామంటే వద్దనడమే మేలు, ఎందుకంటే వైరు కాలేది పిల్లవాడి సీటు కిందనే. బొమ్మల దిగుమతి సుంకం కూడా 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. విదేశీ బొమ్మ ఇక్కడ ప్రియం కావడానికి కారణం అదే.

మామూ విమానంలో తెస్తానంటే ముందే ఎయిర్‌లైన్‌ను అడగమనండి. బట్టల పెట్టెకూ దీనికీ చిక్కు బ్యాటరీ దగ్గరే వస్తుంది. 160 వాట్ అవర్స్ దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల సామానులో ఒప్పుకోరు.

బ్యాటరీ మీద ఇంకో మాట. చౌక కార్లలో ఉండేది సాధారణంగా లెడ్ యాసిడ్ బ్యాటరీ. పండగ రెండు రోజులు ఆడి, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని ఆరు నెలలు మూలకు పడేస్తే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్లీ చార్జింగ్ ఎక్కదు. 'కారు పాడైంది' అని అమ్మినవాడిని తిట్టేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే. వాడకున్నా నెలకోసారి చార్జింగ్ పెట్టాలి. మన ఎండాకాలంలో డాబా మీద, రేకుల కింద ఉంచొద్దు. రాత్రంతా ప్లగ్గులో వదిలి నిద్రపోవద్దు. కొనేటప్పుడే విడి బ్యాటరీ, చార్జర్ దొరుకుతాయా అని అడిగి పెట్టుకోవాలి.

కొనే స్తోమత లేకున్నా చూసే ముచ్చట తీరే చోటు ఒకటుంది. హైదరాబాద్ బహదూర్‌పురాలో, జూ పార్కు దగ్గర 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియం. కన్యబోయిన సుధాకర్ తుక్కు సామానుతో వంకాయ, క్రికెట్ బ్యాటు, బూటు, బర్గర్ ఆకారాల్లో కార్లు చేశారు. అవన్నీ నడుస్తాయి కూడా. 2005 జూలై 1న ఆయన తొక్కిన మూడు చక్రాల సైకిల్ ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, గిన్నిస్ రికార్డు దానిదే. వనపర్తి, గద్వాల వైపు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే బస్సులో ఆరాంఘర్‌లో దిగితే అక్కడి నుంచి దగ్గరే. జూ పార్కుకు పోయిన రోజే దీన్ని కూడా కలుపుకుంటే ఒక్క చార్జీతో రెండూ అయిపోతాయి.