నడవని దారి

"ఆనాడు అలా చేసి ఉంటేనా!" అని పోపు వేస్తూనో, బట్టలు మడతపెడుతూనో అనుకోనివారు మనలో ఎవరున్నారు చెప్పండి? ఈ మాట మీదే ఒక పేరుపొందిన కవిత పుట్టింది.

1914లో అమెరికా కవి రాబర్ట్ ఫ్రాస్ట్ ఇంగ్లండులో కాపురముండేవారు. మిత్రుడు ఎడ్వర్డ్ థామస్‌తో కలిసి పల్లెదారుల వెంట షికారు వెళ్ళేవారు. ఏ దారిన వెళ్ళివచ్చినా, రెండోదారిలో ఇంకేదో అరుదైన మొక్క కనిపించేదేమోనని థామస్ నొచ్చుకునేవారట. ఆయన్ని ఆటపట్టిస్తూ ఫ్రాస్ట్ రాసిందే "ది రోడ్ నాట్ టేకెన్". 1915లో అచ్చయింది.

థామస్‌కి అందులోని పరిహాసం అందలేదు. అప్పుడాయన ముందు నిజంగానే రెండు దారులున్నాయి మరి! అమెరికా వెళ్ళి ఫ్రాస్ట్ దగ్గర స్థిరపడడమా, సైన్యంలో చేరడమా? వయసు 37, ముగ్గురు పిల్లలు, బలవంతపెట్టినవారు లేరు. అయినా 1915 జూలైలో సైన్యంలో చేరారు. 1917 ఏప్రిల్ 9న ఫ్రాన్సులోని అరాస్ యుద్ధంలో మరణించారు.

దారి ఎంచుకున్నది ఆయన, ఒంటరిగా మిగిలింది భార్య హెలెన్. తరవాత ఆవిడ తమ కాపురం కథ రాశారు, 1926లో వెలువడింది. అది నడవని దారి గురించి కాదు, ఇద్దరూ కలిసి నడిచిన దారి గురించి.

మనం కూడా అప్పుడప్పుడు ఆ దారినే తలుచుకుంటే ఎంత బావుంటుందో!