రౌతు కొద్దీ గుర్రం



"రౌతు కొద్దీ గుర్రం" అన్న సామెత మనలో వినని వారుండరు. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది" అని మరొకటుంది. బడిలో పిల్లలకు ఈ సామెతలు చెబితే గుర్రం తెలుసంటారు. రౌతు అంటే ఎవరని అడుగుతారు. వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులోనో, సముద్రపు ఒడ్డున ఫోటో తీసేవాడి పక్కనో చూసి ఉంటారు. గుర్రం మీద కూర్చోవడం ఒక విద్య అనీ, ఆ విద్యలో ప్రాంతానికొక పద్ధతి ఉండేదనీ వాళ్లకు ఎవరు చెప్పారు గనుక?

కానీ మాటలు మాత్రం మన నోట మిగిలే ఉన్నాయి. కళ్లెం వేయడం, దౌడు తీయడం, సవారీ చేయడం, కదం తొక్కడం, కళ్లకు గంతలు కట్టుకోవడం. ఇవన్నీ గుర్రపుశాలనుంచి వచ్చిన మాటలే. మాట మిగిలి పని పోయిన చోట చరిత్ర దాగి ఉంటుంది. ఈనాటి ప్రసంగంలో మన సరిహద్దు ప్రాంతాల్లో ఒకప్పటి గుర్రాల సోయగాన్నీ, స్వారీ పద్ధతులనూ కొంచెం నెమరు వేసుకుందాం.

ముందుగా ఒక మాట. గుర్రపు సోయగం ఎప్పుడూ దాని పనిలోనుంచే పుట్టింది. యుద్ధానికి పనికొచ్చిన నడకే పండుగనాడు ప్రదర్శన అయింది. బండి లాగడానికి పనికొచ్చిన నడకే బజారులో వినోదమయింది. పని ఆగిపోయినప్పుడు ప్రదర్శన మరికొంత కాలం నిలిచింది. ఆ తరువాత అదీ పలచబడింది. ఈ సంగతి మన నేలమీదే చూడవచ్చు.

కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో వాజివాహ్యాళి వినోదం అని ఒక భాగముంది. గుర్రాలెక్కి రెండు జట్లుగా బంతిని కొట్టే ఆటను అందులో వర్ణించాడు. ఇప్పుడు మనం పోలో అంటున్న ఆటకు అది దగ్గరి చుట్టం. కళ్యాణి అంటే నేటి కర్ణాటకలోని బసవకల్యాణమే. మనవాళ్లలో మనుమంచి భట్టు తెలుగు పద్యాల్లో అశ్వశాస్త్రాన్ని రచించాడు. గుర్రాలకు శిక్షణ ఇచ్చేవాణ్ణి సాహిణి అనేవారు. గుర్రపు నడకలను అయిదుగా విభజించి పంచధారలన్నారు. ధౌరితకం ఒకటి, వల్గితం ఒకటి, ప్లుతం ఒకటి, ఇలా ప్రతి నడకకూ పేరుంది. పేరు పెట్టారంటే తేడా గమనించారన్నమాట.

విజయనగర కాలానికి వస్తే, గుర్రం రాజ్యానికి ప్రాణమయింది. దక్కను నేలమీద పెద్ద జాతి గుర్రాలు బాగా పెరగవు. అందుచేత అరబ్బు, పారశీక దేశాలనుంచి ఓడలమీద తెప్పించేవారు. రాయలు ఏటా 13,000 ఓర్ముజు గుర్రాలను కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అతనికి ముందు, 1520 ప్రాంతంలో వచ్చిన పేస్, మహానవమి ఉత్సవంలో గుర్రాల అలంకారం చూసి ఆశ్చర్యపోయాడు. వాటి నొసళ్లమీద వెండి రేకులు, బంగారు పూత పూసిన రేకులు ఉండేవని చెప్పాడు. హంపీ హజారరామ ఆలయపు ప్రాకారం మీద ఆ ఊరేగింపు ఇప్పటికీ రాతిలో నడుస్తూనే ఉంది. శ్రీరంగంలో శేషగిరిరాయ మండపానికి వెళ్లినవారు ముంగాళ్లెత్తి లేచిన గుర్రాలనూ, వాటిమీద రౌతులనూ చూసే ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు గుర్రాన్ని కాక రౌతును చూడండి. పట్టు తప్పకుండా ఎలా కూర్చున్నాడో గమనించండి.

ఆ పెద్ద గుర్రాలు రాజులవి. సామాన్యుడి గుర్రం వేరు. దాన్ని మనం తట్టువ అన్నాం, మరాఠీవాళ్లు తట్టు అన్నారు. భీమానది ఒడ్డున పుణె, షోలాపూరు ప్రాంతాల్లో పెరిగిన భీమథడి గుర్రానికి మరాఠాల కాలంలో గొప్ప పేరుండేది. అరబ్బు గుర్రాలకూ, స్థానికమైన తట్టువలకూ కలిగిన సంతానమది. చూపుకు చిన్నది. కానీ గట్టి డెక్కలు, కొద్దిపాటి మేతతో బతికే ఓర్పు, కొండ ఎక్కగల సత్తువ దాని సొత్తు. సొంత గుర్రంతో కొలువుకు వచ్చినవాడు శిలేదారు. సర్కారు గుర్రమెక్కినవాడు బారుగీరు. ఆ బిరుదులు ఇంటిపేర్లుగా ఇప్పటికీ వినబడతాయి.

వారి స్వారీ పద్ధతి కూడా ఆ గుర్రానికి తగినట్టే ఉండేది. మెత్తటి గుడ్డ జీను, మడిచిన మోకాళ్లు, చేతిలో బల్లెం. దౌడు తీస్తున్న గుర్రాన్ని చటుక్కున ఆపి, చిన్న వలయంలో తిప్పి, వచ్చిన దారినే మళ్లించడం వారి ప్రత్యేకత. ఇలా వలయంగా తిప్పడాన్ని హిందుస్తానీలో కావా అంటారు. దూర ప్రయాణానికి మాత్రం కుదుపులేని నడక కావాలి. గుర్రం మామూలుగా పరుగెత్తేటప్పుడు ఎదురెదురు మూలల కాళ్లు జంటగా లేస్తాయి. అందువల్ల రౌతు ఎగిరెగిరి పడతాడు. ఇంకొక రకం నడకలో కాళ్లు ఒకదాని వెంట ఒకటి నేలను తాకుతాయి. వేగముంటుంది, కుదుపుండదు. దీన్ని ఉత్తరాదివారు రేవాల్ అంటారు. ఆ నడక గల గుర్రానికి ధర ఎక్కువ పలికేది.

1818లో పీష్వాల రాజ్యం పోయింది. దానితో భీమథడి గుర్రానికి కొలువు పోయింది. ఆదరించే సర్దారులు లేక ఆ జాతి క్షీణించింది. దాన్ని కాపాడినవారు ఎవరనుకున్నారు? గొర్రెల మందలతో ఊరూరా తిరిగే ధనగరులు. సైన్యాన్ని మోసిన గుర్రం ఆ తరువాత గొర్రెలకాపరి సంసారాన్ని మోసింది. దానికి ప్రత్యేక జాతిగా అధికారిక గుర్తింపు వచ్చేసరికి మన కాలమయింది. 2023 సంవత్సరపు నమోదుల్లో కర్నాల్‌లోని జాతీయ సంస్థ భీమథడిని చేర్చింది.

ఇంగ్లీషువాళ్ల పద్ధతి మరొకటి. వాళ్ల అశ్వదళం మోకాలికి మోకాలు ఆనేటట్టు బారుగా నడిచేది. రౌతు నిటారుగా, కాలు బారుగా చాపి కూర్చోవాలి. మనవాడి విద్య ఒంటరి పోరుకు, వాళ్ల విద్య వరుస కట్టడానికి. అయినా మన శిలేదారీ పద్ధతిని వాళ్లు తమ భారతీయ దళాల్లో మొదటి ప్రపంచ యుద్ధం దాకా కొనసాగించారు. మన సైనికుల నేజాబాజీని, అంటే దౌడు మీద నేలలోని గూటాన్ని బల్లెంతో పెకలించే ఆటను, నేర్చుకున్నారు. జోధ్‌పూర్ ప్రతాప్ సింగ్ 1897లో విక్టోరియా రాణి ఉత్సవానికి వెళ్లినప్పుడు తొడుక్కున్న స్వారీ లాగు అక్కడ మోజయింది. ఇచ్చిపుచ్చుకోవడాలు రెండువైపులా సాగాయి.

యూరపులో సైతం పద్ధతి ఒకచోట ఆగలేదు. ఆ రోజుల్లో గుర్రం అడ్డంకి దూకేటప్పుడు రౌతు వెనక్కి వాలి కళ్లెం పట్టి లాగేవాడు. గుర్రం నోటికి నొప్పి, నడుముకు బరువు. ఇటలీ సైన్యాధికారి కాప్రిల్లి ఇది తప్పన్నాడు. రికాబులు పొట్టిచేసి, ఒళ్లు ముందుకు వంచి, గుర్రాన్ని దాని దారిన దూకనివ్వమన్నాడు. 1907లో ఆయన చనిపోయాడు గాని ఆయన చెప్పిన ఆసనం లోకమంతా వ్యాపించింది. ఇప్పుడు ఒలింపిక్సులో మనం చూసేది అదే.

ఇక మన దక్షిణాది రౌతుల చివరి ఘట్టం. 1916 జూలై 14న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధభూమిలో, తుపాకుల మధ్య బల్లేలతో దూసుకుపోయినవారిలో 20వ డెక్కన్ హార్స్ దళం ఉంది. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని పట్టుకున్నప్పుడు జోధ్‌పూర్ రౌతులు ఊరివైపు దౌడు తీయగా, మైసూరు లాన్సర్లు కార్మెల్ కొండ వైపునుంచి వెళ్లారు. వారి స్మారకం బెంగళూరు జె.సి. నగరులో ఉంది. ఢిల్లీ తీన్‌మూర్తి చౌకులోని మూడు విగ్రహాలు జోధ్‌పూర్, హైదరాబాదు, మైసూరు లాన్సర్లకు గుర్తు. రెండవ ప్రపంచ యుద్ధం నాటికి గుర్రాల స్థానంలో ట్యాంకులొచ్చాయి. సంస్థానాల అశ్వదళాలను కలిపి 1953లో ఏర్పరచిన దళమే 61వ కేవల్రీ. జనవరి 26న ఢిల్లీ కవాతులో మనం చూసే గుర్రాలు వారివి. మైసూరు దసరాలో పోలీసు గుర్రాలు నడుస్తాయి. ప్యాలెసు పూజల్లో పట్టద కుదురెకు చోటు ఉంది. పని పోయింది, ప్రదర్శన మిగిలింది.

రాజుల కథ అలా ఉంటే, మన వీధుల్లో గుర్రం మరికొన్ని దశాబ్దాలు పని చేసింది. నలభై, యాభై దాటిన శ్రోతలకు జట్కా బండి గుర్తుండే ఉంటుంది. రైలుస్టేషను బయట వరుసగా నిలబడేవి. గుండ్రటి పైకప్పు, లోపల గడ్డి పరచి దానిమీద గోనెపట్టానో చాపో. వెనకనుంచి ఎక్కాలి. ముందు బరువెక్కువైతే "కొంచెం వెనక్కి జరగండయ్యా" అనేవాడు బండివాడు. వెనక బరువెక్కువైతే బండి కాడి పైకి లేచేది. ఆ తూకం చూడడం అతని మొదటి విద్య. కొరడా ఉండేది గాని మంచి బండివాడు నాలుకతో చేసే చప్పుడుతోనే గుర్రాన్ని నడిపించేవాడు. పండుగనాడు ఆ గుర్రపు ముస్తాబు చూడాలి. నెత్తిన రంగుల కుచ్చు, మెడలో మువ్వలు, ఇత్తడి బిళ్లల పట్టీ. నానబెట్టిన ఉలవలు తిని, మాలిషు చేయించుకుని నిగనిగలాడేది. మన ఊళ్ల ప్రదర్శన గుర్రం అదే.

ఆటోలు వచ్చాక జట్కాలు ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. మైసూరులో టాంగాలు ఇంకా తిరుగుతున్నాయి గాని, అవి ఎక్కువగా యాత్రికుల ముచ్చటకే.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. పాత రోజులన్నీ బంగారమేమీ కాదు. ముళ్ల కళ్లేలతో నోరు చీరుకుపోయిన గుర్రాలున్నాయి. వీపు పుండు మీదే పట్టీ బిగించిన బండ్లున్నాయి. ముసలిదయ్యాక వీధిలో వదిలేసిన గుర్రాలూ ఉన్నాయి. పేద బండివాడికి తిండి లేనినాడు గుర్రానికీ లేదు. 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చిందంటే దానికి కారణాలున్నాయి. కాబట్టి జట్కాలు మళ్లీ రావాలని నేను కోరను. కోరేది వేరు. గుర్రాన్ని హింసించకుండా నడిపించిన మంచి రౌతులు, మంచి బండివాళ్లు ఉండేవారు. వారికి తెలిసిన విద్య పుస్తకాలకు ఎక్కలేదు. చెవి కదలికను బట్టి భయం పసిగట్టడం, డెక్క చప్పుడు విని లాడం వదులైందని చెప్పడం, పేడ చూసి కడుపునొప్పి తెలుసుకోవడం. ఇది చదువు కాదని ఎవరనగలరు?

గుర్రం లేకపోయినా స్వారీని నిలుపుకున్న కళలు మన చుట్టూ ఉన్నాయి. తంజావూరు ప్రాంతంలో పొయ్‌క్కాల్ కుదిరై ఆట ఉంది. కర్రకాళ్ల మీద నిలబడి, నడుముకు గుర్రపు బొమ్మ తగిలించుకుని ఆడతారు. ఒడిశా తీరంలో కేవటులు చైత్రమాసంలో చైతీ ఘోడా ఆడతారు. అందులో వెదురుతో కట్టి గుడ్డ కప్పిన గుర్రంలో మనిషి దూరతాడు. ఆటగాడే గుర్రం, ఆటగాడే రౌతు. కళ్లెం బిగించడం, గుర్రం మొరాయించడం, మళ్లీ కదం తొక్కడం అన్నీ అతని ఒంటిలోనే చూపించాలి. ఈసారి ఆ ఆట చూసేటప్పుడు కాళ్లతోపాటు నడుము పైభాగాన్నీ గమనించండి. అక్కడ పాత రౌతు కనబడతాడు.

సజీవమైన గుర్రాలను చూడాలంటే నాందేడు జిల్లా మాళేగావ్ ఖండోబా జాతరకు వెళ్లవచ్చు. మార్గశిరంలో జరుగుతుంది. కొనేవాడు పళ్లు చూసి వయసు చెబుతాడు. అమ్మేవాడు నడిపించి చూపిస్తాడు. సరిహద్దు జాతర కాబట్టి మరాఠీ మధ్యలో తెలుగు మాట కూడా చెవిన పడుతుంది.

మన భాషకు గుర్రం ఇచ్చిన మాటలు ఇన్ని ఉన్నాయి. ఆ మాటల వెనక ఉన్న పని తెలిసినవారు మన మధ్య తగ్గిపోతున్నారు. మీ వీధిలో జట్కా తోలిన తాత ఉంటే, లాడాలు కొట్టిన చేయి ఉంటే, వారి దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. గుర్రానికి ఏం పేరు పెట్టారో, దాన్ని ఏ చప్పుడుతో పిలిచారో, జబ్బు చేస్తే ఏ మందు పోశారో అడగండి. తెలుగులో చెప్పినా, కన్నడంలో చెప్పినా, తమిళంలో చెప్పినా, చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టుకోండి. రౌతు అంటే ఎవరని రేపు మీ ఇంటి పిల్లలు అడిగితే ఆ కాగితం వారి చేతిలో పెట్టవచ్చు.