తెర వెనుక దుబాసీ



కంప్యూటరు పరిభాషలోని డ్రైవరును కొందరు ‘చోదకం’ అని తెలుగు చేశారు. వ్యుత్పత్తి సరిగానే ఉన్నా నాకు రుచించలేదు. అది బండి తోలేది కాదు, మాట చేరవేసేది. కుంఫిణీ కాలంలో దొరకూ మన వర్తకునికీ నడుమ నిలిచిన దుబాసీ చేసిన పని అదే. విండోస్ ఒక భాషలో ఆజ్ఞాపిస్తుంది. తెరను గీసే చిప్పు మరొక భాషలో వింటుంది. దుబాసీ లేని కొలువు ఎట్లుండునో 2023 వేసవిలో నాకు అనుభవానికి వచ్చింది.

నాతోపాటు ఒకే బడిలో తెలుగు చెప్పిన మిత్రుడొకరు సేద్యపు పలుకుబళ్ళను ఊరూరా తిరిగి సేకరించి, 2004లో కొన్న ల్యాప్‌టాపులో తానే టైపు చేసుకొన్నారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో యూనికోడు తెలుగు, గౌతమి ఫాంటు ఉన్నవి గాని, అచ్చుపనికి నాడు వాడుకలో ఉన్నవి వేరే ఫాంట్లు. దేని సంకేతాలు దానివే. ఆయన దస్త్రాలు తెరుచుకోవాలంటే ఆ పాత అచ్చుకూర్పు ప్రోగ్రామే కావాలి. అది నడవాలంటే ఎక్స్‌పీ కావాలి. దాని తాళపు బిళ్ళ తగిలించుటకు ప్రింటరు పోర్టున్న ఆ ల్యాప్‌టాపే కావాలి. మిత్రుడు కాలం చేశాక వారి అబ్బాయి దానిని తెచ్చి, “మాస్టారూ, నాన్నగారి పుస్తకమంతా ఇందులోనే ఉందండీ” అన్నాడు. హార్డ్‌డిస్కు కొన ఊపిరితో ఉంది. దుకాణంలో దస్త్రాలను భద్రపరచి, వేరే డిస్కులో ఎక్స్‌పీ ఎక్కించి ఇచ్చారు.

ఇంటికి వచ్చి తెరిస్తే బొమ్మలన్నీ లావెక్కి, రంగులు వెలిసి ఉన్నాయి. 640×480 చుక్కలు, 16 రంగులు. ఈ అంకెలు 1987 నాటివి. ఐబీఎం తన పీఎస్/2 యంత్రాలతో తెచ్చిన వీజీఏ పద్ధతి అది. తరువాతి చిప్పులు తమ తమ సొంత భాషలు ఎన్ని నేర్చినా ఈ పాత ఉమ్మడి భాషను చాలాకాలం మరువలేదు. దుబాసీ లేనప్పుడు విండోస్ దానితోనే నెట్టుకొస్తుంది. చూచుటకు అది చాలును గాని నా పనికి చాలలేదు. పుటలను బయటికి పంపే కిటికీ తెరకంటే పొడుగు. నొక్కవలసిన మీట అడుగున ఎక్కడో మునిగిపోయింది. పుస్తకం కళ్ళెదుటే ఉంది, చేతికి రాదు!

డివైస్ మేనేజరులో రెండు పసుపు ప్రశ్నార్థకాలు కనిపించాయి. రెండూ ఒకే చిప్పువే. 1992లో వెలువడిన పీసీఐ పద్ధతిలో ప్రతి పరికరమూ అడగగానే తన ప్రవర చెప్పుకొంటుంది: మొదట గోత్రం, పిదప పేరు. ఇక్కడి గోత్రసంఖ్య 8086. అది ఇంటెల్‌ది, 1978 నాటి తమ ప్రాసెసరు పేరునే వారు గోత్రంగా ఉంచుకొన్నారు. చమత్కారం తెలిసినవారే! పేరు 3582, అనగా 2003లో వచ్చిన 855జీఎం.

విండోస్ 7 వేయించుకోమని ఒకరు హితవు చెప్పారు. 2007 జనవరిలో విస్టాతో దుబాసీల వ్యాకరణమే మారింది. ఆ కొత్త పద్ధతికి తగిన డ్రైవరు ఈ చిప్పుకు రానే లేదు. పైగా ఎక్స్‌పీ పోతే పుస్తకమే పోతుంది.

చిప్పు పేరిట దొరికిన సామాన్య డ్రైవరును నడిపితే, ఈ కంప్యూటరు తయారీదారునే అడగండని చెప్పి ఆగిపోయింది. అది న్యాయమే. ల్యాప్‌టాపులో తెర యంత్రానికే అతికి ఉంటుంది. దాని కొలత, వెలుగు, మూత మూసినప్పటి ప్రవర్తన తయారీదారు కూర్చుకొన్నవి. కాని ఆ తయారీదారు తన పాత పుటలను ఏనాడో తీసివేశాడు. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టు ఆదరణే ముగిసింది. ఎవరి తలుపు తట్టాలి?

చివరకు ఇంటర్నెట్ ఆర్కైవులో దొరికింది. ఆ సంస్థవారి వేబ్యాక్ మెషీన్ లోకానికి తెరుచుకొన్నదీ, ఎక్స్‌పీ విపణికి వచ్చినదీ ఒకే నెల, 2001 అక్టోబరు. ఎవరో అజ్ఞాత పుణ్యాత్ములు ఇదే నమూనాతో ఇచ్చిన సీడీని యథాతథంగా అక్కడ ఉంచారు. అందులోని ఐఎన్ఎఫ్ దస్త్రాన్ని నోటుప్యాడులో తెరచి 3582 కోసం వెదికాను. ఐఎన్ఎఫ్ అంటే నిఘంటువే: ఈ సంఖ్యకు ఈ డ్రైవరు అని వరుసగా ఉంటుంది. ఆరోపం దొరికిందంటే అర్థం దొరికినట్లే. దొరికింది.

తొందరలో దానినే ముందు ఎక్కించబోయాను. చిప్‌సెట్టు దస్త్రాలు ముందు, గ్రాఫిక్సు తరువాత అన్న క్రమం గుర్తుకు వచ్చి ఆగి, మొదటినుండి చేశాను. తెర ఒక్కసారి నల్లబడింది. శబ్దం లేదు, వెలుగు లేదు. పిల్లవానికి ఏమని చెప్పనా అనుకొంటుండగా 1024×768లో తెల్లవారింది. కిటికీ అడుగున మీట కనబడింది.

పుటలన్నీ బొమ్మలుగా బయటికి వచ్చాయి. వాటిని చూచి యూనికోడులో తిరిగి టైపు చేస్తున్నాను. ‘కొండ్ర’ అన్న మాటకు మిత్రుడు రెండు పుటలు వ్రాశారు. నాకు తెలిసినది రెండు వాక్యాలే. ఇప్పటికి ‘త’ వరకు వచ్చాను.