పికప్ వాహన సామర్థ్య మార్పులు

పాత సరకు పికప్ వాహనంలో ఇంజిన్ శక్తిని, ఎగ్జాస్ట్ శబ్దాన్ని పెంచేందుకు కంపెనీ అమర్చిన భాగాలను మార్చే పనిని సామర్థ్య మార్పు అంటారు.

మహీంద్రా 2,523 సీసీ శ్రేణిలోని పాత డీజిల్ ఇంజిన్లలో మెకానికల్ పంపు సెట్టింగ్ మార్చి ఇంధనం ఎక్కువ పంపవచ్చు. గాలి అదే మోతాదులో పెరగకపోతే నల్లపొగ, అధిక వేడి వస్తాయి. పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతినవచ్చు. టర్బోచార్జర్, ఇంటర్‌కూలర్ గాలి సాంద్రతను పెంచుతాయి. కామన్ రైల్ ఇంజిన్లలో ఇంధన మోతాదును ఈసీయూ (ఇంజిన్ నియంత్రణ కంప్యూటర్) నియంత్రిస్తుంది కనుక దాని ప్రోగ్రామ్ మార్చాలి. సైలెన్సర్ లోపలి అడ్డుపలకలు తీసేస్తే మోత పెరుగుతుంది. టర్బో లేని ఇంజిన్‌లో దీనివల్ల శక్తి లాభం స్వల్పం. మోత పెరిగితే శక్తి పెరిగిందనుకోవడం పొరపాటు.

మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిబంధనను ధ్రువీకరించింది. 2019 సవరణతో చేరిన సెక్షన్ 182ఎ(4) కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయితే నిర్దేశిత షరతులతో సీఎన్‌జీ కిట్‌కు అనుమతి ఉంది.