బ్రెండా మిల్నర్

బ్రెండా మిల్నర్ మెదడుకీ జ్ఞాపకశక్తికీ ఉన్న సంబంధాన్ని మొదటిసారి గట్టి ఆధారాలతో చూపిన నాడీమనోవిజ్ఞాన పరిశోధకురాలు. పుట్టింది ఇంగ్లండ్‌లో. పరిశోధన సాగింది కెనడాలో, మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో. జ్ఞాపకం అనేది ఒకే శక్తి కాదనీ, అందులో రకాలున్నాయనీ, ఒక రకం పూర్తిగా పోయినా మరొకటి చెక్కుచెదరకుండా ఉండగలదనీ ఆమె నిరూపించింది. మెదడును స్కాన్ చేసే యంత్రాలు ఇంకా రాని రోజుల్లో కాగితం, పెన్సిలు, అద్దం, కొన్ని కార్డులతోనే ఈ పని చేసింది.

చదువు, తొలి ఉద్యోగాలు

1918 జులై 15న మాంచెస్టర్‌లో పుట్టింది. తండ్రి శామ్యూల్ లాంగ్‌ఫర్డ్ మాంచెస్టర్ గార్డియన్ పత్రికకు సంగీత విమర్శకుడు. ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు ఆయన చనిపోయాడు. 1936లో కేంబ్రిడ్జ్‌లోని న్యూన్‌హామ్ కాలేజీలో గణితం చదవడానికి చేరింది. ఆ శాస్త్రంలో తాను పెద్దగా రాణించలేనని తేల్చుకుని మనోవిజ్ఞానానికి మారి, 1939లో పట్టా తీసుకుంది. యుద్ధకాలంలో మొదట పైలట్ల ఎంపిక కోసం పరీక్షలు తయారుచేసింది. తరువాత రాడార్ పరిశోధనలో పనిచేసింది. అక్కడే ఎలక్ట్రికల్ ఇంజనీర్ పీటర్ మిల్నర్ పరిచయమయ్యాడు. 1944లో పెళ్లి చేసుకుని ఇద్దరూ కెనడా వెళ్లారు. తరువాత పీటర్ కూడా మెదడు పరిశోధనలోకి వచ్చాడు. ఎలుకల మెదడులో సుఖాన్నిచ్చే కేంద్రాలను జేమ్స్ ఓల్డ్స్‌తో కలిసి 1954లో కనుగొన్నది ఆయనే.

మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచిలో పాఠాలు చెబుతూనే బ్రెండా మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాని డొనాల్డ్ హెబ్ దగ్గర పరిశోధకురాలిగా చేరింది. మూర్ఛ జబ్బుకు మెదడు ఆపరేషన్లు చేసే ప్రసిద్ధ సర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ రోగులను పరిశీలించే అవకాశం హెబ్ ద్వారా 1950లో దొరికింది. డాక్టరేట్ 1952లో వచ్చింది.

ఇద్దరు రోగులు

అప్పటికి జ్ఞాపకాలకు మెదడులో ప్రత్యేకమైన చోటు లేదన్న అభిప్రాయం బలంగా ఉండేది. మనోవిజ్ఞాని కార్ల్ లాష్లీ ఎలుకల మెదళ్లలో ఎన్ని భాగాలు తీసేసినా నేర్చుకున్నదంతా పోయే చోటు ఒక్కటీ దొరకలేదు. పెన్‌ఫీల్డ్ రోగుల్లో ఇద్దరు ఈ అభిప్రాయానికి అడ్డం వచ్చారు. పి.బి. అన్న ఇంజనీరుకీ, ఎఫ్.సి. అన్న మరొకరికీ ఎడమ టెంపొరల్ లోబ్‌లో, అంటే కణత లోపలి వైపు భాగంలో, కొంత తీసేశారు. తెలివితేటలు తగ్గలేదు. కానీ ఆ తరువాత జరిగినదేదీ వాళ్లకు గుర్తుండలేదు. ఒకవైపే తీస్తే ఇంత నష్టం ఎందుకు జరిగింది? రెండో వైపు టెంపొరల్ లోబ్ లోతులో ఉండే హిప్పోకాంపస్ అనే భాగం ముందే బయటికి కనిపించకుండా పాడై ఉండాలని మిల్నర్, పెన్‌ఫీల్డ్ ఊహించారు. ఏళ్ల తరువాత పి.బి. మరణించినప్పుడు శవపరీక్షలో ఆ ఊహ నిజమని తేలింది.

హెచ్.ఎం.

పి.బి., ఎఫ్.సి.ల గురించి మిల్నర్, పెన్‌ఫీల్డ్ 1955లో చికాగోలో ఒక సమావేశంలో చెప్పారు. అది తెలిసి విలియం స్కోవిల్ అనే సర్జన్ పెన్‌ఫీల్డ్‌ను సంప్రదించాడు. మందులకు లొంగని మూర్ఛతో బాధపడుతున్న ఒక యువకుడికి ఆయన 1953లో హార్ట్‌ఫర్డ్‌లో ఆపరేషన్ చేసి, రెండువైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశాడు. మూర్ఛలు బాగా తగ్గాయి. దాంతో పాటే కొత్త సంగతి గుర్తుపెట్టుకునే శక్తి పోయింది. శాస్త్ర రచనల్లో హెచ్.ఎం.గా, 2008లో మరణించాక హెన్రీ మోలైసన్ అన్న సొంత పేరుతో లోకానికి తెలిసిన వ్యక్తి ఇతనే.

మిల్నర్ మాంట్రియల్ నుంచి వెళ్లి అతన్ని పరీక్షించింది. 1955 ఏప్రిల్‌లో తేదీ అడిగితే 1953 మార్చి అన్నాడు. వయసు 27 అన్నాడు. బుద్ధిసూచిక మాత్రం 112, అంటే సగటు కంటే ఎక్కువే. మాట తీరు, మర్యాద, చిన్ననాటి జ్ఞాపకాలు అన్నీ ఉన్నాయి. 584 అన్న అంకెను మనసులో లెక్కలు కట్టుకుంటూ పావుగంట నిలుపుకోగలిగాడు. ధ్యాస మళ్లగానే ఆ అంకెతో పాటు, అంకె ఇచ్చారన్న సంగతి కూడా పోయింది. మిల్నర్‌ను ఎన్నిసార్లు కలిసినా ప్రతిసారీ కొత్త మనిషినే చూసినట్టు చూసేవాడు. స్కోవిల్, మిల్నర్ కలిసి 1957లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో అత్యధికంగా ఉదహరించే రచనల్లో ఒకటి.

నా దృష్టిలో ఆమె చేసిన వాటిలో గొప్పది ఆ తరువాతి ప్రయోగం. కాగితం మీద జంట గీతలతో నక్షత్రం బొమ్మ ఉంటుంది. చేతిని నేరుగా చూడకుండా, అద్దంలో ప్రతిబింబం చూస్తూ ఆ గీతల మధ్య పెన్సిలు నడపాలి. మొదట్లో ఎవరికైనా చెయ్యి తప్పుతుంది, అభ్యాసంతో కుదురుతుంది. హెచ్.ఎం. మూడు రోజుల్లో ముప్పై సార్లు చేశాడు. తప్పులు రోజురోజుకీ తగ్గాయి. చివరి రోజు చెయ్యి దాదాపు తొణక్కుండా సాగింది, అయినా ఆ పని ఇంతకు ముందు చేసినట్టు అతనికి తెలియదు. చేతికి వచ్చే నేర్పు ఒక దారిన, జరిగిన సంగతుల జ్ఞాపకం వేరే దారిన మెదడులో చేరుతాయని ఇది చూపించింది. ఫలితాలు 1962లో వెలువడ్డాయి. అతని మీద పరిశోధనను మిల్నర్ శిష్యురాలు సుజాన్ కోర్కిన్ దశాబ్దాల పాటు కొనసాగించింది.

ఇతర పరిశోధనలు

మిల్నర్‌ను హెచ్.ఎం. ఒక్కడితోనే గుర్తుపెట్టుకోవడం ఆమెకు న్యాయం కాదు. రంగు, ఆకారం, సంఖ్యల ప్రకారం కార్డులు వేరుచేసే విస్కాన్సిన్ పరీక్షను ఆమె మెదడులో నుదుటి వెనుక ఉండే భాగం కోల్పోయిన రోగులకు పెట్టింది. నియమం మారినా, తప్పని చెబుతున్నా, వాళ్లు పాత నియమాన్నే పట్టుకుని వేలాడారు. ఈ పని 1963లో వెలువడింది. మాటల జ్ఞాపకానికి ఎడమ టెంపొరల్ లోబ్, ముఖాలు, ఆకృతుల వంటి మాటల్లో పెట్టలేని వాటికి కుడి లోబ్ ఎక్కువగా అవసరమని తేల్చింది. మెడలోని ధమని ద్వారా మందు పంపి మెదడులో ఒక సగాన్ని కొద్ది నిమిషాలు నిద్రపుచ్చే వాడా పరీక్షను భాష ఎటువైపు ఉందో చూడటానికి ఆపరేషన్‌కు ముందు వాడేవారు. మిల్నర్ దానికి జ్ఞాపక పరీక్షను జోడించింది. సర్జన్ థియొడోర్ రాస్ముసెన్‌తో కలిసి 1977లో ప్రచురించిన లెక్క ప్రకారం, చిన్నతనంలో ఎడమ మెదడు దెబ్బతినని కుడిచేతి వాటం రోగుల్లో 96 శాతం మందికి, ఎడమచేతి వాటం వారిలో 70 శాతం మందికి భాష ఎడమ సగంలోనే ఉంది.

గుర్తింపు

1979లో రాయల్ సొసైటీ ఫెలో అయింది. 2009లో బాల్జాన్ బహుమతి, 2014లో జాన్ ఓకీఫ్, మార్కస్ రైకిల్‌లతో కలిపి కావ్లీ బహుమతి లభించాయి. తొంభై దాటాక కూడా ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి పనిచేసింది.

హెచ్.ఎం. ద్వారా దొరికిన విజ్ఞానమంతా అతనికి జరిగిన పూడ్చలేని నష్టం నుంచి వచ్చిందన్నది మరువకూడదు. స్కోవిల్, మిల్నర్ ఆ నష్టాన్ని దాచలేదు. రెండువైపులా హిప్పోకాంపస్‌ను తీసెయ్యవద్దని తోటి సర్జన్లను హెచ్చరించారు. సర్జన్లు ఆ ఆపరేషన్ మానేశారు.