స్థానిక ఆకాశవాణి – చెరిగిన మాండలిక స్వరం

తెలుగు రేడియో చరిత్రను 1938 నాటి మద్రాసు కేంద్రంతో ఆరంభించి, 1948లో ఏర్పడిన విజయవాడ కేంద్రపు నాటక వైభవంతో ముగించడం పరిపాటి. ఆదిలాబాదు (1986), వరంగల్లు (1990) వంటి స్థానిక కేంద్రాలకు అందులో దక్కేది ఒకటి రెండు వాక్యాలే. దేశంలో 1984లో నాగర్‌కోయిల్‌తో మొదలైన స్థానిక కేంద్రాల ఆశయం వేరు: జిల్లా మాటను జిల్లాకే వినిపించడం. శ్రవ్యనాటకంలో మాండలికం పాత్రోచిత భాష. ఇక్కడ అది రైతు తన సేద్యాన్ని గురించి తానే చెప్పుకొనే భాష. ఆదిలాబాదు నుంచి గోండి సైతం వినిపించింది.

ఈ కేంద్రాల క్షీణతకు టెలివిజనును కారణంగా చూపడం సగం నిజమే. విరమణ పొందిన కార్యక్రమ నిర్వాహకుల స్థానాలు ఖాళీగా మిగిలాయి. స్థానిక రూపకల్పన తగ్గి, రిలేలు పెరిగాయి. ట్రాన్స్‌మిటర్ పనిచేస్తూనే ఉన్నా, అది మోసేది మరో ఊరి గొంతు.

అంతకు మించిన నష్టం టేపులది. పేరున్న నాటకాలు, సంగీతం భాండాగారానికి చేరాయి. నిత్యప్రసారాల టేపులను చెరిపి మళ్ళీ వాడడం ఆకాశవాణిలో చిరకాలపు వాడుక. పొదుపుగా తోచిన ఆ వాడుకలో, ఏ నిఘంటువుకూ ఎక్కని సేద్యపు పలుకుబడులెన్నో వాటి ఉచ్చారణతో సహా చెరిగిపోయాయి.