మోటారుబండి నాడి

1888వ సంవత్సరము ఆగష్టు మాసమున జర్మనీదేశములోని మాన్‌హైము పట్టణమునుండి ఒక యిల్లాలు తన యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు తెలియజేయకయే, మూడుచక్రముల యంత్రపుబండిలో ఫోర్జ్‌హైములోని పుట్టింటికి బయలుదేరెను. ఆమె పేరు బెర్తా బెంజు. ఆ బండిని నిర్మించినవాడు ఆమె భర్త కార్లు బెంజు. 100 కిలోమీటర్లకు మించిన ఆ దారిలో ఇంధనపు గొట్టము పూడిపోగా ఆమె తన టోపీసూదితో దానిని శుభ్రపరచెను. నిప్పురవ్వను పుట్టించు తీగ పైతొడుగు అరిగిపోగా మేజోడుపట్టీని చుట్టి బాగుచేసెను. బండికి ఏమి లోపించినదో కనుగొనువిద్య ఆనాడే, నడిబాటలో, ఒక గృహిణిచేతులలో మొదలైనదని చెప్పవచ్చును.

ఇంజనులో జరుగు పని చెప్పుటకు సులువైనది. పెట్రోలు ఆవిరి గాలితో సరియైనపాళ్లలో కలియవలెను. ఆ మిశ్రమము సిలిండరులో బిగువుగా అణగవలెను. తగిన క్షణమున నిప్పురవ్వ పడవలెను. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను ఆ సిలిండరు మండక ఊరకుండును. దీనినే మిస్‌ఫైరు అందురు. మన మెకానిక్కులు ‘మిస్సింగు’ అందురు. బండి కుదుపును, శక్తి తగ్గును, కాలని పెట్రోలు పొగగొట్టమునుండి వెలికి పోవును.

నాలుగు సిలిండర్ల ఇంజనులు వచ్చిన పిదప ప్రశ్న మారినది. ఏదో యొక సిలిండరు చెడెనని చెవికి తెలియును గాని, ఏది చెడెనో యెట్లు తెలియును? 1908లో వెలువడిన ఫోర్డు ‘మోడల్ టి’ కారులో ఒక్కొక్క సిలిండరునకు ఒక్కొక్క కాయిలుపెట్టె యుండెడిది. దానిపై అదరుచుండు రేకును వ్రేలితో అదిమినచో ఆ సిలిండరునకు నిప్పురవ్వ ఆగిపోవును. మంచి సిలిండరును ఆపినచో ఇంజను మరింత కుంటువడును. ఆపినను ధ్వనిలో మార్పు రానిచో దోషమక్కడనే యున్నది. తరువాతికాలపు మెకానిక్కులు స్క్రూడ్రైవరుతో ప్లగ్గుల నొక్కొక్కటిగా అణచి చూచినదియు ఈ సూత్రమే. ఆ విద్యకు చెవియే సాధనము. వైద్యుడు నాడి చూచునట్లు మెకానిక్కు ఇంజనును వినుచుండెను.

అటుపిమ్మట దీపము వచ్చినది. 1930-40ల నడుమ అమెరికాలో హడ్సన్ కంపెనీవారు చమురు ఒత్తిడిని తెలుపు ముల్లునకు మారుగా ఎఱ్ఱదీపమును అమర్చిరి. ముల్లు కొలతను చదువవలెను; దీపమును చూచినంతనే చాలును. కాని ముల్లు నానాటికి దిగజారుచున్న స్థితిని ముందే తెలుపును. దీపమో, కీడు మూడిన తరువాతనే వెలుగును. అందుచేతనే అక్కడి నిపుణులు దానిని ‘మూర్ఖుల దీపము’ అని పరిహసించిరి.

ఇంజను దోషములను తెలుపు నేటి పసుపుదీపము పుట్టుకకు కారణము చోదకుని సౌకర్యముకాదు, ఊరివారి ఊపిరి. లాస్ఏంజిలిస్ నగరమును కప్పుచుండిన కంటిమంట పొగ ఎక్కడిదని 1950 ప్రాంతమున అచ్చట పరిశోధించిన హాగెన్-స్మిట్ అను రసాయనవేత్త, వాహనములు మొదలగువానినుండి వెలువడిన కాలని ఇంధనపు ఆవిరులు, నైట్రోజన్ ఆక్సైడులు ఎండలో మార్పుచెందుటవలననే అది పుట్టుచున్నదని నిరూపించెను. 1970లో అమెరికాలో కఠినమైన శాసనము వచ్చెను. 1975 నమూనా కార్లనుండి పొగగొట్టములో విషవాయువులను మార్చు కేటలిటిక్ కన్వర్టరు వ్యాపించెను. అయితే మిస్‌ఫైరైన సిలిండరునుండి వచ్చు పచ్చిపెట్రోలు ఆ కన్వర్టరులో మండి, దానిని మితిమీరి వేడెక్కించి పాడుచేయును. ఇంతవరకు యజమాని సొంత చిక్కుగా నుండిన మిస్సింగు ఇప్పుడు ఊరందరి చిక్కయ్యెను.

కావున కాలిఫోర్నియా ప్రభుత్వము 1988 నమూనా బండ్లనుండి కారు తన దోషమును తానే కనిపెట్టి దీపము వెలిగించవలెనని విధించెను. 1996 నాటికి అమెరికాలో అమ్ముడగు కొత్తకార్లన్నిటికి ఓబీడీ-2 అను ఏకరీతి పద్ధతి తప్పనిసరియైనది. అందలి ఉపాయము చక్కనిది. ప్రతి సిలిండరు మండినపుడెల్ల క్రాంకుషాఫ్టునకు ఒక త్రోపు తగులును. ఒక త్రోపు తప్పినచో ఆ షాఫ్టు లిప్తపాటు మందగించును. ఆ స్వల్పభేదమును కంప్యూటరు పసిగట్టి, ఏ సిలిండరో గుర్తు వ్రాసిపెట్టును. పి0302 అనిన రెండవ సిలిండరు. పి0300 అనిన ఏ యొక్కదానికిని పరిమితముగాని మిస్‌ఫైరు. మెకానిక్కు చెవి చేసినపనినే యంత్రము చేయుచున్నది.

కాని శ్రోతలు ఒక్కమాట మరువరాదు. ఆ గుర్తు చోటును చెప్పును గాని కారణమును చెప్పదు. రెండవ సిలిండరు తప్పుచున్నదనగా ప్లగ్గు చెడెనా, కాయిలు చెడెనా, ఇంజెక్టరు పూడెనా, వాల్వు కాలెనా యన్నది మనుష్యుడే తేల్చవలెను. కాయిలును పక్కసిలిండరునకు మార్చి చూచుట నేటికిని మంచి పరీక్ష: దోషము దానివెంట పోయినచో నేరము కాయిలుదే, పోనిచో ఇతరభాగములను వెదకవలెను. గుర్తును చూచినంతనే వస్తువులు కొని మార్చువాడు ధనమును వ్యర్థపరచుకొనును.

మనదేశమున 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలైన బీఎస్-6 నియమములతో ఈ దీపము ప్రాముఖ్యము మరింత హెచ్చినది. అది నిలుకడగా వెలిగినచో త్వరలో పరీక్ష చేయించవలెను. మినుకుమినుకుమని కొట్టుకొనినచో కన్వర్టరు కాలిపోవు ప్రమాదమున్నదని యెరిగి, వేగము తగ్గించి, బండిని సురక్షితముగా ఆపవలెను. ఎఱ్ఱని చమురుదీపము వెలిగినచో వెంటనే ఆపి, ఇంజనును కట్టివేయవలెను. బ్యాటరీతీగ విప్పి దీపము నార్పుట రోగమును మాన్పుట కాదు, రోగి నోరు మూయుట.

బెర్తాబెంజునకు దీపము లేదు, గుర్తులు లేవు. ఆమెకున్నది ఎక్కడ తప్పెనో యోపికతో వెదకు బుద్ధి. దీపము వచ్చినను ఆ బుద్ధి యవసరము తీరలేదు.